సెలవు రోజుకి కొలత పిల్లలదే

ఏప్రిల్ చివరి వారంలో బడికి తాళం పడుతుంది. 2025లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏప్రిల్ 24న మొదలైన వేసవి సెలవులు జూన్ 11 దాకా సాగాయి. ఈ ఏడు వారాల్లో కొంత అమ్మమ్మ ఊళ్లో, కొంత టీవీ ముందు గడిచిపోతుంది. మధ్యలో ఏదో ఒక రోజు “ఈసారి వండర్‌లాకి తీసుకెళ్తానన్నావుగా నాన్నా” అని చిన్న గొంతు ఒకటి లేస్తుంది. నాన్న “సరే” అంటాడు. ఆ సరే అన్న రోజుకీ, పార్కు గేటు దాటే రోజుకీ మధ్య చేయాల్సిన పని గురించే ఈ అధ్యాయం.

పిల్లలతో వెళ్లిన పార్కు ప్రయాణాలు చాలావరకు ఒకే కారణంతో చెడిపోతాయి. ఆ రోజుని మనం పెద్దవాళ్ల కొలతకి కుట్టిస్తాం. వచ్చే ఏడాదికి కూడా సరిపోవాలని పిల్లలకి వదులు చొక్కా కుట్టించడం మనకి అలవాటే. చొక్కా అయితే చేతులు మడిచి సర్దొచ్చు. రోజుని మడిచే వీలు లేదు. ఉదయం నుంచి రాత్రి దాకా పదుల కొద్దీ రైడ్లు, రెండు మూడు షోలు, నెత్తిన నలభై డిగ్రీల ఎండ అంటే నాలుగేళ్ల పిల్లకి మోయలేనంత బరువు. సాయంత్రం నాలుగింటికి ఆ పిల్ల నేలమీద పడి ఏడుస్తుంటే “ఇంత డబ్బు పెట్టి తీసుకొస్తే ఇదా నువ్వు చేసేది” అని కసురుతాం. తప్పు పిల్లది కాదు, కొలతది.

అందుకని ఒక్క సూత్రం పెట్టుకోండి. కుటుంబంలో అందరికంటే చిన్నవారి ఎత్తు, నిద్ర, ఆకలి చూసుకుని రోజుని వేయండి. మిగిలిన నిర్ణయాలన్నీ ఈ మూడింటి నుంచే వస్తాయి.

మొదట టేపు తీయండి

టికెట్ల కోసం ఫోన్ తీసే ముందు దర్జీ టేపు తీయండి. పిల్లలు చెప్పులు విప్పి, మడమలు గోడకి ఆనించి నిలబడితే తల మీద ఒక పుస్తకం అడ్డంగా పెట్టి గోడమీద గీత గీయండి. రైడ్ల పార్కుల్లో వయసు కంటే ఎత్తుకే విలువ. వండర్‌లానే చూడండి. 85 సెం.మీ. లోపు పిల్లలకి టికెట్ ఉండదు. 85 నుంచి 140 సెం.మీ. మధ్య ఉంటే పిల్లల టికెట్. అంతకు మించితే పెద్దల టికెట్.

మన పిల్లలు నాలుగేళ్లకి సుమారు 100 సెం.మీ., ఆరేళ్లకి 113, పదేళ్లకి 137 దగ్గర ఉంటారు. పెద్ద పెద్ద రైడ్లు చాలావాటికి 140 సెం.మీ. ఎత్తు ఉండాలి. అంటే పదేళ్ల లోపు పిల్లలకి ప్రకటనల్లో కనిపించే రైడ్లు చాలావరకు దూరం నుంచి చూడడానికే. ఈ మాట టికెట్ కొన్నాక తెలిస్తే బాధ, కొనకముందు తెలిస్తే ప్రణాళిక.

కాబట్టి పార్కు వెబ్‌సైట్‌లో రైడ్ల పట్టిక తెరిచి, మీ పిల్లలు ఎక్కగలిగేవి మాత్రమే ఒక కాగితం మీద రాయండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకునే రాయండి. “ఇది నువ్వు ఇంకా పొడుగయ్యాక ఎక్కేది, ఇది ఇప్పుడే ఎక్కేది” అని ఇంట్లోనే చెప్పేస్తే, అరగంట వరసలో నిలబడి కొలబద్ద దగ్గర వెనక్కి తిరిగే ఏడుపు తప్పుతుంది.

ఆ కొలబద్ద దగ్గర బేరాలు మాత్రం వద్దు. “రెండు సెంటీమీటర్లే కదా తమ్ముడూ, నేను పక్కనే కూర్చుంటాగా” అని సిబ్బందిని బతిమాలేవాళ్లు, పిల్లల్ని మునివేళ్ల మీద నిలబెట్టేవాళ్లు ప్రతి పార్కులోనూ కనిపిస్తారు. రైడ్ సీటులో ఒడిమీద పడే కడ్డీ, భుజాల మీద దిగే పట్టా ఒక స్థాయి శరీరాన్ని పట్టి ఉంచేలా తయారవుతాయి. అంతకంటే చిన్న శరీరం ఆ పట్టులోంచి జారిపోవచ్చు. పక్కన కూర్చున్న తండ్రి చేతుల బలం రైడ్ వేగం ముందు చాలదు. ఒప్పుకోని సిబ్బందికి థాంక్స్ చెప్పి పక్కకి రండి. నిబంధన అంటే ఏమిటో పిల్లలు నేర్చుకునేది అలాంటి చోటే.

ఏ వయసుకి ఏ పార్కు

హైదరాబాద్ చుట్టుపక్కల పెద్ద పేర్లు రెండు. రెండూ ఒకే రకం కాదు.

వండర్‌లా రైడ్ల పార్కు. కొచ్చిలో 2000లో వీగాలాండ్ పేరుతో మొదలైన సంస్థ, 2005లో బెంగళూరు దగ్గర బిడదిలో, 2016లో మన రావిర్యాలలో పార్కులు తెరిచింది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కనే కాబట్టి నగరంలో ఏ మూల నుంచైనా చేరుకోవడం సులువు. పొడి రైడ్లు, నీళ్ల రైడ్లు రెండూ ఉంటాయి. చిన్న పిల్లలకి వేరే రైడ్లు, లోతు తక్కువ కొలనులు ఉంటాయి. ఆరేళ్లు దాటి, నీళ్లంటే ఇష్టపడే పిల్లలకి ఇది బాగా నప్పుతుంది.

రామోజీ ఫిల్మ్ సిటీ చూసే పార్కు. 1996లో రామోజీరావు విజయవాడ రహదారి మీద కట్టించిన ఈ సినిమా నగరానికి ప్రపంచంలోనే అతిపెద్ద స్టూడియోగా గిన్నిస్ గుర్తింపు ఉంది. బస్సెక్కి సెట్లు చూస్తూ, షోలు చూస్తూ, తోటల్లో నడుస్తూ రోజు గడుస్తుంది. ఒక సంగతి గుర్తుంచుకోండి. ఎయిర్‌పోర్టు సెట్, రైల్వే స్టేషన్ సెట్ చూసి అబ్బురపడేది సినిమాలు చూసిన పెద్దవాళ్లు. అయిదేళ్ల పిల్లకి అది ఉత్త గోడ. ఆ పిల్లకి పక్షుల పార్కు, సీతాకోకచిలుకల తోట, పిల్లల ఆటల విభాగం, ఒక నాట్యం షో చాలు. బాహుబలి సెట్ దగ్గర ఫోటో ఎలాగూ తప్పదు. తాతయ్య, నానమ్మ కూడా వస్తున్నారంటే ఫిల్మ్ సిటీయే మేలు. వాళ్లకి చూడ్డానికి ఎక్కువ దొరుకుతుంది, బస్సులో కూర్చునే వీలూ ఉంటుంది.

వయసుల వారీగా నా తీర్పు ఇది.

మూడేళ్ల లోపు పిల్లల కోసమైతే పెద్ద పార్కుకి వెళ్లకండి. ఆ వయసుకి సాయంత్రం పూట ఇంటి దగ్గరి పార్కులో ఉయ్యాల, ఇసుక చాలు. విశాఖ వాళ్లకి కైలాసగిరి మీద బొమ్మ రైలు ఉండనే ఉంది. హైదరాబాద్‌లో జూపార్కు ఉంది. అక్క కోసం వెళ్తున్నప్పుడు చంటి తమ్ముడు కూడా రాక తప్పదంటే, వాడితో నీడలో కూర్చునే పెద్దమనిషిని ముందే ఎంచుకోండి.

మూడు నుంచి ఆరేళ్ల మధ్య సగం రోజు చాలు. ఇద్దరు పెద్దవాళ్లకి ఒక పిల్ల ఉంటే ఇంకా మంచిది.

ఏడు నుంచి పదేళ్ల మధ్య పూర్తి రోజు తట్టుకుంటారు. వీళ్లకి స్నేహితుడో, బాబాయి కూతురో తోడుంటే సరదా రెట్టింపవుతుంది, పెద్దవాళ్ల పని సగమవుతుంది.

ఇంట్లో నాలుగేళ్ల పిల్ల, తొమ్మిదేళ్ల పిల్లాడు ఇద్దరూ ఉంటే రోజంతా కలిసి తిరగాలన్న పట్టుదల వదిలేయండి. రెండు జట్లుగా విడిపోయి, భోజనానికి కలుసుకోండి. మధ్యాహ్నం తర్వాత జట్లలో పెద్దవాళ్లు మారాలి. లేకపోతే ఒకరు రైడ్లెక్కుతారు, ఇంకొకరు తువ్వాళ్లు పట్టుకుని నిలబడతారు. ఆ రెండో మనిషి ఎప్పుడూ అమ్మే అవుతుంది.

తేదీ ఎంచుకోవడం

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మే చివరి వారం, జూన్ మొదటి రోజులు ఆ కార్తె కిందికే వస్తాయి. మైదాన ప్రాంతాల్లో పగటి వేడి 40 డిగ్రీలకి చేరాకే వాతావరణ శాఖ వడగాడ్పుల లెక్క మొదలుపెడుతుంది. మన ఊళ్లలో మే నెలంతా ఆ గీత చుట్టూనే తిరుగుతుంది. కాబట్టి సెలవులు మొదలైన మొదటి వారమో, తొలకరి మబ్బులు పట్టాక బడి తెరిచే ముందు రోజులో చూసుకోండి. అయితే జూన్ మబ్బులతో ఒక చిక్కుంది. ఉరుములు, ఈదురుగాలి వస్తే రైడ్లు ఆపేస్తారు. అలా ఆగిన గంటలకి సాధారణంగా డబ్బు వాపసు ఉండదు. తేదీ మార్చుకునే వీలున్న టికెట్ దొరికితే అదే కొనండి.

వారంలో మంగళ, బుధ, గురువారాలు మేలు. ఆదివారం వెళ్లడమంటే రైడ్ మీద రెండు నిమిషాల కోసం వరసలో ముప్పావుగంట నిలబడడానికి టికెట్ కొనడం. నాన్నకి ఒక రోజు సెలవు పెట్టడం కష్టమే. అయినా అన్ని ఖర్చుల్లోకీ ఎక్కువ ఫలితమిచ్చేది ఆ ఒక్క సెలవు చీటీయే.

బయలుదేరే రెండు రోజుల ముందు వాతావరణ శాఖ హెచ్చరిక చూడండి. మీ జిల్లాకి వడగాడ్పుల హెచ్చరిక ఉంటే వాయిదా వేయండి. అయిదేళ్ల లోపు పిల్లలే ఉన్న ఇంట్లో అయితే అసలు వేసవిని వదిలేసి సంక్రాంతి సెలవులకి మార్చుకోమని చెప్తాను. పార్కు అదే, పిల్లలు వాళ్లే, ఎండ మాత్రం ఉండదు.

పొరుగూరి నుంచి వచ్చేవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోండి. విజయవాడ నుంచి కారులో వస్తే హైదరాబాద్ చేరకముందే ఫిల్మ్ సిటీ తగులుతుంది. దారిలోనే కదా అని అదే రోజు దిగిపోవాలనిపిస్తుంది. నాలుగైదు గంటలు కారులో కూర్చున్న పిల్లలు అప్పటికే అలసిపోయి ఉంటారు. విశాఖ నుంచి రాత్రంతా రైల్లో వచ్చినా అంతే. ముందు బంధువుల ఇంట్లోనో, గదిలోనో ఒక రాత్రి పడుకోనివ్వండి.

డబ్బు గురించి రెండు ముచ్చట్లు

టికెట్ ధర బడ్జెట్ కాదు. ప్రయాణం, పార్కింగ్, లాకర్, నీళ్లలో వేసుకునే దుస్తులు, రెండు పూటల తిండి, రైడ్ మీద తీసే ఫోటో, గేటు దగ్గర బొమ్మల కొట్టు, ఇవన్నీ కలిపితేనే అసలు లెక్క. కాగితం మీద ఒక్కొక్కటీ రాసి, మొత్తానికి ఇంకో పదో వంతు కలుపుకోండి. దాంతో ఆ రోజు పర్సు తీసిన ప్రతిసారీ మొహం మాడ్చుకునే అవసరం ఉండదు.

వరస తప్పించే ప్రత్యేక పాస్ కొనాలా అని చాలామంది అడుగుతారు. ఆ పాస్ ఏ రైడ్లకి పనికొస్తుందో ముందు చూడండి. పెద్ద రైడ్లకే అయితే మీ పిల్లలు వాటిని ఎక్కరు, ఆ డబ్బు దండగ.

బొమ్మల కొట్టుకి మందు ఒకటే. ఇంటి దగ్గరే ఒక్కో పిల్ల చేతికి కవరులో కొంత డబ్బు పెట్టి, “ఇది నీది, దీంట్లో ఏది వస్తే అది కొనుక్కో, మిగిలితే నీ డిబ్బీలో వేసుకో” అని చెప్పండి. అన్నీ కావాలని ఏడ్చే పిల్లలు తమ డబ్బు అనేసరికి ధర చూసి, దించి, మళ్లీ ఎత్తి ఆలోచిస్తారు. అయిదేళ్ల పిల్ల కూడా.

రెండో ముచ్చట డబ్బు కంటే మనసుకి సంబంధించింది. టికెట్ కొన్న క్షణంలోనే ఆ డబ్బు వెళ్లిపోయింది. మూడింటికి ఇంటికెళ్లినా, రాత్రి ఏడింటికి వెళ్లినా తిరిగి రాదు. “పెట్టిన డబ్బు రాబట్టాలి” అని నిద్రకి తూలుతున్న పిల్లని ఇంకో రెండు గంటలు తిప్పితే, పోయిన డబ్బు రాకపోగా ఉన్న సరదా కూడా పోతుంది. సాయంత్రం ఏం చేయాలన్నది పిల్లల మొహం చూసి తేల్చండి, టికెట్ చూసి కాదు.

ముందు రోజు పని

పిల్లల్ని రాత్రి తొమ్మిదింటికల్లా పడుకోబెట్టండి. ఆనందంలో నిద్ర పట్టదు కాబట్టి ఎనిమిదింటికే దీపాలు తగ్గించండి.

దుస్తుల నిబంధన చదవండి. నీళ్ల రైడ్లకి నూలు బట్టలు, చీరలు, చుడీదార్లు ఒప్పుకోని పార్కులే ఎక్కువ. నైలాన్, పాలిస్టర్ ఈత దుస్తులుంటేనే కొలనులోకి రానిస్తారు. ఇంటి దగ్గర బజారులో కొనుక్కుంటే అక్కడ కొనడమో, అద్దెకి తీసుకోవడమో తప్పుతుంది. అమ్మ దుస్తుల సంగతి కూడా అప్పుడే చూడాలి. చాలామంది తల్లులు పొద్దంతా గట్టు మీదే కూర్చోవడానికి కారణం తమకి సరిపడా దుస్తులు తెచ్చుకోకపోవడమే.

బయటి తిండి లోపలికి రానివ్వరు. చంటిపిల్లల ఆహారం, మందులు మాత్రం ఒప్పుకుంటారు. ఆ విషయం ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఇంట్లో ఇడ్లీ పెట్టి తీసుకెళ్లండి. కారులో పులిహోర డబ్బా ఉంచితే గేటు బయట ఒక ముద్ద తిని లోపలికి వెళ్లొచ్చు. పెరుగన్నం ఎండకి పులిసిపోతుంది, దాన్ని ఇంటికొచ్చాక తినే రాత్రి భోజనానికి దాచుకోండి.

సంచిలో పెట్టాల్సినవి ఇవి:

- ఒక్కొక్కరికీ ఒక నీళ్ల సీసా
- అసలైన ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు
- అంచు వెడల్పున్న టోపీలు, సన్‌స్క్రీన్
- పిల్లలకి రెండు జతల పొడి బట్టలు, రెండు తువ్వాళ్లు
- తడి నేలమీద జారని చెప్పులు. మధ్యాహ్నం సిమెంటు నేల అరికాళ్లని కాలుస్తుంది
- డైపర్ వాడే పిల్లలకి ఈత డైపర్లు. మామూలువి నీళ్లు పీల్చి బరువెక్కుతాయి
- జ్వరం మందు, బ్యాండ్‌ఎయిడ్, పిల్లలకి రోజూ ఇచ్చే మందులు
- తడి బట్టలకి ఒక ప్లాస్టిక్ సంచి

ఇంతకు మించి సర్దకండి. ఎక్కువ సంచులుంటే వాటి కాపలాకి ఒక మనిషి కావాలి. “అమ్మమ్మా, నువ్వు ఇక్కడ కూర్చో, సామాన్లు చూస్తుండు” అని ఆవిడని బెంచీ మీద కూర్చోబెట్టి అందరూ వెళ్లిపోతారు. ఆవిడ టికెట్ కొనుక్కుని వచ్చింది సంచులు చూడడానికి కాదు. లాకర్ తీసుకోండి.

ఆ రోజు గంటలు

పార్కు తెరిచే సమయానికి అరగంట ముందు గేటు దగ్గరుండండి. అందరూ లోపలికి రాగానే పేరున్న పెద్ద రైడ్ వైపు పరుగెత్తుతారు. మీరు పిల్లల విభాగానికి వెళ్లండి. మొదటి గంటలో వరసలు ఉండవు, ఎండ ముదరదు, పిల్లలు హుషారుగా ఉంటారు. రోజు మొత్తంలో విలువైన గంట ఇదే.

బయలుదేరే ముందు ఒక్కో పిల్ల చేత మూడు రైడ్లు ఎంచుకోనివ్వండి. ఆ మూడూ ఎట్టి పరిస్థితుల్లోనూ జరగాలి. మిగిలినవి దొరికితే సరే, లేకపోతే లేదు. సాయంత్రం “ఏం చూశావు” అని తాతయ్య అడిగితే పిల్లలు చెప్పేవి ఆ మూడే.

భోజనం పన్నెండున్నర లోపు ముగించండి. ఒంటిగంటకి అందరూ వస్తారు, ఆకలితో ఉన్న పిల్లలతో అక్కడ నిలబడడం కష్టం. నూనె పదార్థాలు తగ్గించి, అన్నమో చపాతీనో కాస్త పెట్టండి. తిన్న వెంటనే గిరగిరా తిరిగే రైడ్ ఎక్కించకండి.

పన్నెండు నుంచి మూడు దాకా ఎండ దెబ్బ గట్టిగా ఉంటుంది. ఈ మూడు గంటల్లో కొంతసేపు కప్పు కింద జరిగే షోకి, కొంతసేపు విశ్రాంతికి కేటాయించండి. చిన్నవాళ్లు తాతయ్య ఒళ్లో ఒక కునుకు తీస్తే సాయంత్రం బతికినట్టే. నీళ్లలోనే ఉన్నాం కదా ఎండ తగలదనుకోకండి. తడి ఒంటిమీద ఎండ తెలియకుండా కాలుస్తుంది. అందుకని చేతులు కప్పే ఈత చొక్కాలు మేలు, సన్‌స్క్రీన్ రెండు గంటలకొకసారి రాయాలి.

నాలుగున్నర, అయిదు మధ్య బయలుదేరండి. పిల్లలు ఏడుపు మొదలుపెట్టాక కాదు, పెట్టే ముందే. “ఇంకొక్కటి నాన్నా” అంటున్నప్పుడే కదిలితే ఆ ఒక్కటి వచ్చే ఏడాదికి మిగులుతుంది.

నీళ్ల దగ్గర రెప్ప వేయొద్దు

ఈ అధ్యాయంలో ఇంకేం మర్చిపోయినా ఈ భాగం మర్చిపోకండి. నీళ్లలో మునిగే పిల్లలు సినిమాలో చూపించినట్టు కేకలు వేయరు, చేతులు ఊపరు. చప్పుడు లేకుండా కిందికి వెళ్తారు. మోకాలి లోతు నీళ్లలో కూడా, పక్కన వందమంది ఉండగా కూడా ఇది జరుగుతుంది. లైఫ్‌గార్డు ఉన్నాడని నిశ్చింత వద్దు. ఆయన కొలను మొత్తం చూస్తాడు, మీరు మీ పిల్లని చూడాలి.

ఆరేళ్ల లోపు పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపు మీ చేతికి అందేంత దూరంలో ఉండాలి. కాపలా మార్చుకునేటప్పుడు నోటితో చెప్పాలి. “ఏమండీ, ఇప్పుడు మీరు చూడండి, నేను వెళ్తున్నా” అంటే, “చూస్తున్నా, వెళ్లు” అనే జవాబు విన్నాకే కదలాలి. ఇద్దరూ చూస్తున్నారులే అని ఇద్దరూ అనుకున్నప్పుడే ప్రమాదాలు జరుగుతాయి. కాపలా ఉన్నవారి ఫోన్ లాకర్‌లో ఉండాలి. రీల్ కోసం తీసే అర నిమిషం చాలు, చూపు తప్పడానికి.

అలల కొలనులో గట్టు వైపే ఉండండి. గాలి నింపిన చేతి పట్టీలు, రబ్బరు ట్యూబులు ఆటవస్తువులే, ప్రాణరక్షణకి లైఫ్‌జాకెట్ అడగండి. జారుడు బల్లల మీద పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని జారాలనుకుంటే, అది ఒప్పుకునే రైడేనా అని అడిగి తెలుసుకోండి.

ఎండ దెబ్బ, ఓఆర్ఎస్

పెద్దవాళ్ల కంటే పిల్లల ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది. చెమట తక్కువ పడుతుంది, ఆటలో దాహం గుర్తుకురాదు. అందుకే అడిగినప్పుడు ఇవ్వడం కాకుండా, ఇరవై నిమిషాలకొకసారి మీరే రెండు గుక్కలు తాగించాలి. మూత్రం ముదురు పసుపుగా వచ్చినా, గంటల తరబడి రాకపోయినా నీళ్లు చాలడం లేదని గుర్తు.

ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద ఎంత నీళ్లలో కలపాలని రాసి ఉంటే అంతే కలపండి. పెద్ద ప్యాకెట్ లీటరుకి, చిన్నది 200 మి.లీ.కి ఉంటుంది. గ్లాసులో కాస్త పొడి వేసి మిగతాది దాచుకోవడం, చిక్కగా కలపడం రెండూ తప్పే. ఒకసారి కలిపింది 24 గంటల్లో వాడేయాలి. అట్టపెట్టెల్లో దొరికే తీపి పానీయాలు చాలాకాలం ఓఆర్ఎస్ పేరు పెట్టుకుని అమ్ముడయ్యాయి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం తర్వాత, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లేని పానీయాల మీద ఆ పేరు వాడకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. మందుల దుకాణంలో ఆ సూత్రం పేరు చూసే కొనండి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు మంచినీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపితే సరిపోతుంది. చెంచా అంటే చిన్న టీ చెంచా, కొలత అంచుకి సమంగా ఉండాలి.

పిల్లలు ఉన్నట్టుండి మందకొడిగా మారినా, తలనొప్పి అన్నా, వాంతి చేసుకున్నా ఆట ఆపేయండి. నీడకి తీసుకెళ్లి బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ విసరండి. మెలకువగా ఉంటేనే గుక్కగుక్కగా తాగించండి. ఒళ్లు కాలిపోతూ పొంతన లేకుండా మాట్లాడుతుంటే, మగతలోకి వెళ్తుంటే అది వడదెబ్బ. పార్కు వైద్య కేంద్రానికి కబురు చేస్తూనే 108కి ఫోన్ చేయండి. చల్లబరచడం మాత్రం ఆపకండి.

తప్పిపోతే ఎలా

రద్దీలో చెయ్యి వదలడానికి క్షణం చాలు. నాలుగు జాగ్రత్తలు ఇంటి దగ్గరే మొదలవుతాయి.

బయలుదేరే ముందు పిల్లల ఫోటో ఒకటి ఫోన్‌లో తీయండి. ఏ రంగు చొక్కా వేశారో కంగారులో గుర్తుండదు. మీ ఫోన్ నంబరు పిల్లల ముంజేతి లోపలి వైపు పెన్నుతో రాయండి, నీళ్లలో చెరిగితే మళ్లీ రాయండి. అమ్మానాన్నల పూర్తి పేర్లు నేర్పండి. “మీ అమ్మ పేరేంటమ్మా” అంటే “అమ్మ” అని చెప్పే పిల్లలే ఎక్కువ. తప్పిపోతే వెతుక్కుంటూ తిరగొద్దని, ఉన్నచోటే నిలబడి యూనిఫాం వేసుకున్నవాళ్లకో, పిల్లలతో ఉన్న ఆంటీకో చెప్పమని నేర్పండి. ఇంట్లో ఆటలాగా రెండు మూడుసార్లు ఆడించండి.

పెద్దవాళ్ల వంతు కూడా తేల్చుకోండి. ఒకరు అక్కడే ఉండాలి, ఇంకొకరు దగ్గరున్న సిబ్బందికి వెంటనే చెప్పాలి. పరువు పోతుందని పది నిమిషాలు సొంతంగా వెతకడం ప్రమాదం. దొరికాక కొట్టకండి, తిట్టకండి. చెప్పినట్టు నిలబడిందంటే మెచ్చుకోండి.

భయపడితే

“వాడు చూడు, నీకంటే చిన్నోడు, హాయిగా ఎక్కాడు” అన్న మాట ఆ రోజు నోట రానివ్వకండి. రైడ్ చూసి వెనకడుగు వేసిన పిల్ల తన ఒంటి మాట వింటోంది. పక్కన నిలబడి రెండుసార్లు చూడనివ్వండి. తనే అడిగితే ఎక్కించండి. అడగకపోతే వదిలేయండి. బలవంతంగా ఎక్కించిన రైడ్‌తో ధైర్యం రాదు, మీ మీద నమ్మకం తగ్గుతుంది. పొద్దంతా ఒకే బొమ్మ రైలు ఆరుసార్లు ఎక్కుతానంటే ఎక్కనివ్వండి. సెలవు ఆ పిల్లది.

ఈ వారమే చేయండి

1. పిల్లల ఎత్తు కొలిచి గోడమీద తేదీతో రాయండి.
2. ఎక్కగలిగే రైడ్ల పట్టిక వాళ్లతో కలిసి తయారు చేయండి. ఒక్కొక్కరి మూడు కోరికలకి గుర్తు పెట్టండి.
3. మంగళవారం నుంచి గురువారం లోపు ఒక తేదీ, దానికి బదులుగా ఇంకో తేదీ ఎంచుకోండి.
4. మొత్తం ఖర్చు కాగితం మీద వేయండి. మీకు భారమనిపిస్తే చిన్న పార్కు చూసుకోండి, అప్పు చేయకండి.
5. నీళ్ల దగ్గర ఎవరు ఎప్పుడు చూడాలో పెద్దవాళ్లు మాట్లాడుకోండి.
6. ఇంటికి తిరిగి బయలుదేరే సమయం ఇప్పుడే రాసిపెట్టండి.

పార్కు ఎక్కడికీ పోదు. ఈసారి చూడనివి వచ్చే ఏడాది చూడొచ్చు, అప్పటికి పిల్లలు ఇంకో ఆరు సెంటీమీటర్లు పెరుగుతారు, ఇంకో నాలుగు రైడ్లు వాళ్లకి తెరుచుకుంటాయి. ఈ ఏడాది వాళ్లు ఎంత ఎత్తున్నారో అంత రోజే ఇవ్వండి. అంతకంటే పెద్దది వాళ్లు అడగడం లేదు, మనమే అంటగడుతున్నాం.